పాత గొంతు, కొత్త పాట

అరిసెల పాకం దగ్గర నిలబడ్డప్పుడు నన్ను ఎవరు పిలిచినా పలకను. పాకం ఒక్క నిమిషం ముదిరిందంటే అరిసె రాయైపోతుంది మరి! అలాంటిది 2025 సంక్రాంతికి మా ఇంట్లో పాకం ముదిరిపోయింది. కారణం ఒక పాట.

పళ్లెంలో నీళ్లు పోసుకుని, పాకం చుక్క వేసి, ఉండ కడుతోందా లేదా అని చూస్తున్నాను. మా అమ్మాయి ఫోనులో 'గోదారి గట్టు మీద' పాట పెట్టింది. 2024 డిసెంబరు నుంచీ మా జొన్నాడలో ఆటోల్లోనూ, హైవే మీద లారీల్లోనూ వినబడుతూనే ఉంది గానీ, అదంతా సగం సగం వినడమే. ఆ రోజు మాత్రం మగ గొంతు ఎత్తుకోగానే చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఈ సింగరు ఎవరో కొత్తాయనలా ఉన్నారు కదమ్మా?" అంది అమ్మాయి.

"కొత్తేవిటే! నువ్వు పుట్టకముందే ఈయన గొంతు నా ట్రంకు పెట్టెలో ఈ ఇంటికొచ్చింది" అన్నాను. ఈ లోపల పాకం సంగతి సరేసరి.

ఆ గొంతు రమణ గోగులది. నా ఈడు అక్కచెల్లెళ్లకి చెప్పక్కర్లేదు. సినిమాల్లోకి రాకముందు ఆయనకి 'మిస్టీ రిథమ్స్' అని ఒక బ్యాండు ఉండేది. 'ఏ లైలా' అనే ఆల్బం వాళ్లదే. తరవాత 1998లో వెంకటేష్ 'ప్రేమంటే ఇదేరా'కి సంగీతం ఇచ్చారు. 1999లో 'తమ్ముడు', 2000లో 'బద్రి', 'యువరాజు'. గిటారు ముందుకొచ్చి వాయించడం, డ్రమ్ములు గుండెలో మోగినట్టుండటం, మధ్యలో ఇంగ్లీషు మాటలు, అన్నిటికీ మించి కాస్త బొంగురుగా, మన పక్కింటి అబ్బాయి పాడుతున్నట్టుండే ఆ గొంతు! 'తమ్ముడు'లో ఒక పాటైతే పూర్తిగా ఇంగ్లీషులోనే ఉంటుంది. అర్థం తెలియకపోయినా మేమందరం బట్టీపట్టాం. మా నాన్నగారు మాత్రం "జలుబు చేసినవాడి చేత పాడించారేవిటే?" అనేవారు.

అప్పటికి నా ఇంటరు అయిపోయింది. మా పుట్టింటివారిది కొత్తపేట వైపు. ఇష్టమైన పాటలన్నీ కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్టుతో సహా మా తమ్ముడికిస్తే, రావులపాలెంలో పాటలు ఎక్కించే షాపులో ఇచ్చి, రెండు రోజులాగి తెచ్చేవాడు. అలా ఎక్కించిన ఒక క్యాసెట్టులో బి సైడు చివర కొంచెం టేపు మిగిలిపోయింది. ఉత్తినే పోతుందెందుకని తమ్ముడు టేపురికార్డరు నా ముందు పెట్టి, రెండు బొత్తాలూ కలిపి నొక్కి, "పాడవే అక్కా" అన్నాడు. వాడు స్టీలు పళ్లెం మీద దరువేస్తే 'వయ్యారి భామా' పాట పాడేశాను. మగవాళ్లు పాడే పాట ఆడపిల్లకెందుకని మా అమ్మ వంటింట్లోంచి కేకేయడం కూడా అందులో పడింది.

2000లో పెళ్లయి గౌతమి వంతెన దాటి జొన్నాడ వచ్చాను. మొదట్లో నోములకీ, వ్రతాలకీ మంగళహారతి పాడమంటే పాడేదాన్ని. తరవాత ఇద్దరు పిల్లలు, వాళ్ల చదువులు, మామయ్యగారి మంచం, వేళకి కాఫీలు, కేరేజీలు. ఒకసారి మా ఆడపడుచు కూతురి పెళ్లిలో పాడమని అడిగితే "గొంతు పోయిందండీ" అన్నాను. ఆ తరవాత ఎవరు అడిగినా అదే జవాబు. ఎవరూ నన్ను పాడొద్దనలేదు, అదే చిత్రం. ఆ మాట చెప్పీ చెప్పీ చివరికి నేనే నమ్మేశాను.

గోగుల గారు కూడా పాట నుంచి పక్కకి జరిగినవారే. 2006లో వెంకటేష్ 'లక్ష్మి', ఆ ఏడాది చివర్లో 'అన్నవరం', 2007లో 'యోగి' చేశారు. ఆ తరవాత ఆయన పాటలు పలచబడ్డాయి. 2013లో '1000 అబద్ధాలు' చేశాక ఇంచుమించు వినబడనే లేదు. అమెరికాలో ఉద్యోగం, వ్యాపారం చూసుకున్నారు. భీమ్స్ సంగీతంలో భాస్కరభట్ల గారు రాసిన ఈ పాట పాడి, మళ్లీ వెంకటేష్ సినిమాలో వినిపించేసరికి 'లక్ష్మి' నాటినుంచి పద్దెనిమిదేళ్లు గడిచాయి. సినిమా 'సంక్రాంతికి వస్తున్నాం' 2025 జనవరి 14న వచ్చింది.

పాకం ఎలాగూ పోయింది కదా అని ఆ పాట మూడుసార్లు శ్రద్ధగా విన్నాను. నాకు తట్టిన సంగతి ఒకటుంది. ఆయన ఇందులో పాతికేళ్ల కుర్రాడిలా పాడాలని చూడలేదు. గొంతు ఎక్కడ హాయిగా కూర్చుంటుందో అక్కడే కూర్చుని పాడారు. మెరుపంతా మధుప్రియ గొంతుకి వదిలేశారు. 'ఫిదా'లో 'వచ్చిండే' పాడిన అమ్మాయే ఆవిడ. పిల్లలున్న మొగుడూ పెళ్లాల సరసం కాబట్టి ఆ నిదానం, ఆ బొంగురు ఇంకా అతికాయి. పాత గొంతుకి కొత్త రంగు వెయ్యలేదు. మా ఈడువాళ్లకి పాత చుట్టం తలుపు తట్టినట్టుంది, మా అమ్మాయి ఈడువాళ్లకి కొత్తగా ఉంది. అందుకే ఇద్దరికీ నచ్చింది.

ఆ మాటే అత్తయ్యగారితో అంటూ, "ఆయన గొంతు అలాగే ఉందండీ, నాదే పోయింది" అన్నాను. ఆవిడ గట్టి అరిసెని పాలల్లో నానబెట్టుకుంటూ, "గొంతు ఎక్కడికి పోతుందమ్మా? తోడని నూతికి నాచు పడుతుంది. చేద వేస్తే నీళ్లు రావూ?" అన్నారు.

భోగి సాయంత్రం మా వీధిలో గొబ్బెమ్మల చుట్టూ చేరాం. ఎవరూ ఎత్తుకోవడంలేదు, అందరూ ఫోనులో పెడదామంటున్నారు. నేనే ఎత్తుకున్నాను. రెండో చరణం దగ్గర పైకి వెళ్లబోయి గొంతు జీరపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఇదివరకైతే అక్కడితో ఆపేసి ఇంట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఆగి, శృతి కాస్త కిందికి దించుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పాట చివరిదాకా నడిచింది. ఎదురింటి పిన్నిగారు "నువ్వు పాడతావని నాకు తెలియనే తెలియదే!" అన్నారు. ఇరవై నాలుగేళ్లుగా ఎదురెదురు ఇళ్లల్లో ఉంటున్నాం మేం.

పండగ వెళ్లాక ట్రంకు పెట్టె దింపి ఆ క్యాసెట్టు తీశాను. మన గోదావరి తేమకి అట్ట పాడైంది గానీ టేపు మీద బూజు లేదు. మీ దగ్గరా పాత క్యాసెట్లుంటే ఒక మాట. బూజు కనబడితే అలాగే ప్లేయర్లో పెట్టకండి, మిషనుకీ అంటుకుంటుంది. టేపు వదులైతే పెన్సిలు దూర్చి మెల్లగా బిగించండి. నేనూ అలాగే చేసి ఉంచాను. వినడానికి మాత్రం మా ఇంట్లో మిషను లేదు. పాత టేపురికార్డరు బాగు చేయించి వేసవి సెలవులకి తెస్తానన్నాడు తమ్ముడు.

ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల ఎలా పాడిందో వినాలని ఉంది. అంతకన్నా, మా అమ్మ కేక వినాలని ఉంది. ఆవిడ పోయి ఆరేళ్లయింది.