బరువు ఎవరి మీద పడుతోంది?

డల్లాస్ శివార్లలో ఉంటున్న మిత్రుడొకరు చిన్న ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, బాత్‌రూమ్ ఉన్న చక్రాల ఇల్లది. కారు వెనక తగిలించుకుని ఏ అడవిలోనో చెరువు గట్టునో నిలుపుకుంటే సెలవులు అక్కడే గడిచిపోతాయి. కోవిడ్ రోజుల్లో అమెరికన్లకు ఈ సరదా ఎంతగా పట్టుకుందంటే, 2021లో అక్కడి ఫ్యాక్టరీల నుంచి ఇలాంటి విహార వాహనాలు 6 లక్షలకు పైగా బయటికొచ్చాయి.

తొలి ప్రయాణం పక్క రాష్ట్రం ఓక్లహోమాలోని బీవర్స్ బెండ్ పార్కుకు. ట్రైలర్ తగిలించగానే కారు వెనక భాగం కుంగింది, ముందు భాగం లేచింది. నల్గొండ జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వెళ్లిన తండ్రి అది చూశారు. "ముందల లేసింది గదరా, ఎట్ల తోల్తవ్?" అని అడిగారు. "ఈ బండి 2,270 కిలోలు లాగుతది నాయినా, మనది 1,600 కిలోలే" అన్నాడు కొడుకు. అమ్మినవారు ఆయనకు చెప్పిందీ అదే. గంట తర్వాత హైవే మీద ఓ భారీ ట్రక్కు పక్క నుంచి దూసుకుపోయేసరికి ట్రైలర్ అటూ ఇటూ ఊగింది. స్టీరింగ్ చేతిలోనే ఉన్నా కారు మాట వినలేదు. అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు గానీ, కుటుంబం సగం దారిలోనే వెనక్కి మళ్లింది.

తండ్రి అడిగిన ప్రశ్న ఎడ్లబండి తోలినవాళ్లందరికీ తెలిసిందే. బండికి వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతు బిగుస్తుంది. ముందు బరువు ఎక్కువైతే మెడలు దిగిపోతాయి. అందుకే బస్తాలు ఎన్ని అన్నది ఎంత ముఖ్యమో, ఇరుసుకు ఎటువైపు వేశామన్నదీ అంతే ముఖ్యం. అమెరికా ట్రైలర్‌కైనా లెక్క ఇదే. కాడి స్థానంలో ఒక ఉక్కు గుండు ఉంటుంది, ఎడ్ల స్థానంలో కారు ఉంటుంది.

ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఆ గుండు మీద ఆనాలన్నది అక్కడి ప్రామాణిక సూత్రం. అంతకన్నా తగ్గితే ట్రైలర్ ఊగడం మొదలవుతుంది. మిత్రుడి ట్రైలర్‌కు అది దాదాపు 200 కిలోలు. గుండు కారు వెనక చక్రాలకు మరో 1.2 మీటర్ల వెనక ఉంటుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 3 మీటర్లు అనుకుంటే, మీటకోల సూత్రం ప్రకారం ముందు చక్రాల మీద నుంచి 80 కిలోలు లేచిపోతాయి. వెనక చక్రాల మీద 200 కాదు, 280 కిలోలు అదనంగా పడతాయి. కారును తిప్పేవి ముందు చక్రాలే. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవీ అవే. వాటి పట్టే తగ్గిపోతే ఇంజను ఎంత లాగగలిగినా ఉపయోగమేముంది?

దీనికి విరుగుడుగా అక్కడ వాడేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. పేరు పెద్దదే గానీ పని సులువు. గుండు ఉన్న కొక్కెం నుంచి రెండు బలమైన స్ప్రింగు కడ్డీలు వెనక్కి వెళ్లి, గొలుసులతోనో బ్రాకెట్లతోనో ట్రైలర్ చట్రానికి బిగుసుకుంటాయి. ఇసుక మోసే ఒంటిచక్రం బండిని వెనక పిడులు పట్టుకుని లేపితే బరువు ముందు చక్రం మీదికి పోతుంది కదా, కారుకు ఈ కడ్డీలు ఆ పిడుల్లాంటివి. వెనక చక్రాల మీద పోగుపడ్డ బరువులో కొంత ముందు చక్రాలకు, మరికొంత ట్రైలర్ చక్రాలకు చేరుతుంది. మొత్తం బరువులో ఒక్క కిలో కూడా తగ్గదు. అందరూ తలా కొంత మోస్తారు, అంతే.

బిగించడానికి టేపు చాలు. ట్రైలర్ తగిలించకముందు నేల నుంచి ముందు మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు కొలవాలి. మిత్రుడి కారుకు అది 86 సెంటీమీటర్లు. తగిలించాక 89. కడ్డీలు బిగించాక లేచిన ఎత్తులో కనీసం సగం దిగిరావాలన్నది చాలామంది పాటించే కొలత. కచ్చితంగా ఎంత దిగాలో కారు కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. కొన్ని మోడళ్లకు అసలు ఈ కడ్డీలే వాడవద్దని కంపెనీలు చెబుతాయి. బలం కొద్దీ బిగిస్తే మంచిదనుకోవడమూ పొరపాటే. వెనక చక్రాలు మరీ తేలికైతే మలుపులో కారు వెనక భాగమే జారిపోతుంది.

ఈ పరికరం అన్ని తప్పులనూ దిద్దదు. నీళ్ల ట్యాంకు, సైకిళ్లు, సామాన్ల పెట్టెలు ట్రైలర్ వెనక కొసకు చేర్చితే కడ్డీలున్నా అది ఊగుతుంది. ఊపును అదుపు చేసే ఏర్పాటు వేరే ఉండాలి, లేదా అది కలిసి ఉన్న హిచ్ కొనాలి. ఊగడం మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకు ఒక్కటే చేత్తో వేయాలి. అన్నిటికన్నా ముందు వేగం తగ్గించుకోవాలి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే వాహనం గంటకు 55 మైళ్లు దాటకూడదన్న చట్టం ఊరికే పెట్టలేదు.

మిత్రుడు తర్వాత గమనించింది మరొకటుంది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం ప్రకారం ఆయన కారు మోయగలిగేది 620 కిలోలు. లాగడం వేరు, మోయడం వేరు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, తల్లిదండ్రులు కలిసి 360. గుండు మీద బరువు 200. హిచ్ బరువు మరో 40. ఇక మిగిలింది 20 కిలోలు. అంటే ఒక బియ్యం బస్తా కూడా కారులో పట్టదు. 'లాగుతుంది' అన్న అమ్మకందారు అబద్ధం చెప్పలేదు, సగం నిజం చెప్పారు. రెండోసారి కడ్డీలు బిగించుకుని, సామాన్లు ట్రైలర్ ఇరుసు మీదికి సర్దుకుని, నిదానంగా నడుపుకుంటూ వాళ్లు బీవర్స్ బెండ్ చేరుకున్నారు.

బయల్దేరే ముందు తండ్రి, మంచం ఎలాగూ ఉంది కాబట్టి ట్రైలర్‌లో పడుకుని వస్తానన్నారట. కుదరదన్నాడు కొడుకు. కదిలే ట్రావెల్ ట్రైలర్‌లో మనుషులు ఉండకూడదని అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టాలు చెబుతాయి. పరుపు, పొయ్యి, కిటికీలు ఎన్ని ఉన్నా అది సామాను కిందే లెక్క. ఆయన కాసేపు ఊరుకుని, "మనకాడ ట్రాలీ ఉన్నదే మనుషుల కోసమాయె" అన్నారట.

ఆ మాటకు జవాబు చెప్పడం కష్టం. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పొలం పనికి వెళ్తున్న కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ మహిళలే. అంతకు రెండు నెలల ముందే నల్గొండ జిల్లా పీఏ పల్లి మండలంలో మిర్చి కూలీల ట్రాక్టర్ మరో కాలువలోకి దూసుకుపోయింది. 2022 అక్టోబర్‌లో కాన్పూర్ జిల్లా ఘాటంపూర్ దగ్గర గుడికి వెళ్లి వస్తున్న ట్రాలీ చెరువులో బోల్తాపడి పాతిక మందికి పైగా బలయ్యారు. 2024 ఫిబ్రవరిలో కాస్‌గంజ్‌లో మళ్లీ అదే. ఈ ప్రమాదాలకు కొక్కెమే కారణమని కాదు. ఒక్కోదానికి ఒక్కో కారణం. కానీ అన్నిటిలోనూ సరుకు కోసం చేసిన తొట్టిలో మనుషులున్నారు. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. బరువు ఇరుసుకు ఎటు పడుతోందో చూసేవారుండరు. నిలబడ్డ మనుషులు మలుపులో ఒక పక్కకు ఒరిగితే బరువూ వాళ్లతోపాటే ఒరుగుతుంది.

ఇది తెలియనితనం కాదు. కూలికి పిలిచే రైతుకు ఆటో ఖర్చు బరువు. తీసుకెళ్లే మేస్త్రీకి రెండు ట్రిప్పులు బరువు. ఆ వేళకు ఆ ఊరికి బస్సు నడపడం ఆర్టీసీకి బరువు. తనిఖీలు ప్రమాదం జరిగిన వారం రోజులు జోరుగా సాగుతాయి. ఆ తర్వాత బీమా కంపెనీ, ట్రాలీలో ప్రయాణికులకు తమ బాధ్యత లేదని కోర్టులో వాదిస్తుంది. ఇలా ఒకరి మీద నుంచి ఒకరి మీదికి జరిగిన బరువు చివరికి తొట్టిలో నిలబడ్డ కూలీ మీద ఆగుతుంది.

నాట్లు, పత్తి, మిర్చి కోతల నెలల్లో పొద్దున్నే కూలీలకు బస్సులు నడపడం, కాలువ గట్ల రోడ్లకు అడ్డుగోడలు కట్టడం, బ్రేకుల్లేని ట్రాలీకి రిజిస్ట్రేషన్ ఇవ్వకపోవడం అసాధ్యమైన పనులేమీ కావు. బరువు తగ్గదు. కానీ పంచుకోవచ్చు. ఓ కుటుంబం విహారానికి రెండు ఉక్కు కడ్డీలు చేసే పనిని, కూలీల ప్రాణాల కోసం ఒక ప్రభుత్వం చేయలేదా?