పానా పట్టిన చేతికి పట్టా ఏదీ?

నరసాపురం రేవు. అవతల ఒడ్డున సఖినేటిపల్లి. మధ్యలో వశిష్ఠ గోదావరి. పంటు వచ్చి ఆగీ ఆగకముందే బళ్లన్నీ ఒక్కసారిగా గుర్రుమంటాయి. ఆ గోలలో ఒక్క బండి మాత్రం నోరు విప్పలేదు. యజమాని కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. వెనకాల తాళ్లతో కట్టిన పెట్టెలోంచి ఐసు కరిగి నీళ్లు కారుతున్నాయి. ఆ పెట్టెలో చేపలున్నాయి. మరో గంట ఆలస్యమైతే అతని ఒక రోజు కూడు గోదాట్లో కలిసినట్టే.

ఎవరో ఫోను చేశారు. పది నిమిషాల్లో ఒక పెద్దాయన మోపెడ్ మీద వచ్చాడు. హ్యాండిల్‌కి ఒక సంచి. దాన్నిండా పానాలు, స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లేయర్, తీగ బ్రష్షు, గుడ్డ పీలికలు. దుకాణం లేదు, బోర్డు లేదు. రావిచెట్టు నీడే షెడ్డు, గోనెసంచే బల్ల.

"ఆగండి బాబూ, దాన్నెందుకలా తన్నేత్తన్నారు? అదేం చెబుతుందో ఇననివ్వండి" అన్నాడు.

మేం పక్కన నిలబడి చూశాం. ముందు ప్లగ్గు విప్పాడు. తడిగా ఉంది. దాన్ని క్యాపులో పెట్టి, ఇంజన్ హెడ్డుకి ఆనించి కిక్కు కొట్టాడు. నీలంగా రవ్వ రాలింది. అంటే కరెంటు వస్తోంది, రోగం అక్కడ లేదు. కార్బొరేటర్ కింది గిన్నె విప్పి, అందులోది ఒక గాజు సీసాలో పట్టాడు. ట్యాంకు అడుగుదీ పట్టాడు. కాసేపాగితే సీసా అడుగున వేరే పొర తేలింది. నీళ్లు! పైపు చూస్తే ఉబ్బి మెత్తబడి ఉంది. ట్యాంకు వంచి నీరంతా తీశాడు. జెట్టు విప్పి నోటితో ఊదాడు. సంచిలోంచి కొత్త పైపు ముక్క కోసి తొడిగాడు. విప్పిన స్క్రూలన్నీ గోనెసంచి మీద విప్పిన వరసలోనే ఉన్నాయి. బిగించేటప్పుడు ఒక్కటీ మిగల్లేదు, ఒక్కటీ తక్కువ పడలేదు. మూడో కిక్కుకి బండి లేచింది. చేపల మనిషి రెండొందలు చేతిలో పెట్టి గాలిలా వెళ్లిపోయాడు.

ఇదంతా అరగంట పని. ఏ కంప్యూటరూ లేదు, ఏ కంపెనీ శిక్షణా లేదు. కన్ను, చెవి, ముక్కు, వేళ్లు, వీటితోనే రోగం పట్టేశాడు. దీన్ని నైపుణ్యం అనకపోతే మరి దేన్నంటారు?

ఇంతకీ పెట్రోల్లో నీళ్లెలా వచ్చాయి? బంకువాడు కలిపాడని అందరం అనేస్తాం. ప్రతిసారీ అది నిజం కానక్కర్లేదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి దశలవారీగా బంకుల్లోకి వచ్చింది. 2025 నాటికి దేశమంతటా అదే అయింది. ఇథనాల్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉంది. సముద్రపు గాలి, కాలవలు, చెరువులు, ఏడాది పొడుగునా తేమ ఉండే మన డెల్టాలో బండి నాలుగు వారాలు కదలకుండా ఉంటే ఆ తేమ ట్యాంకులోకి చేరుతుంది. హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగిపోతాయి. కార్బొరేటర్‌కి ముందు అందేది ఆ అడుగుదే. పాత బళ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్‌కెట్లు మార్చుకోవలసి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. ఖర్చు స్వల్పమేనని కూడా చెప్పింది. కావచ్చు. మరి మార్చేదెవరు? ఢిల్లీ నుంచి వచ్చి మారుస్తారా? రావిచెట్టు కింద ఈ పెద్దాయనే కదా మార్చాలి!

2022 జులై గుర్తుందా? ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. లంకలు మునిగాయి. మునిగిన ఇంటితో పాటు బండీ మునుగుతుంది. నీళ్లు తీశాక ఆత్రంకొద్దీ కిక్కు కొడితే అంతే సంగతులు. సిలిండర్లో నీరుంటే పిస్టన్ దాన్ని అణచలేదు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గు తీయాలి, బండిని వంచి నీళ్లు దించాలి, ఇంజన్ ఆయిలు చూడాలి. ఆయిలు పాలలా తెల్లగా విరిగితే లోపల నీరు చేరినట్టే. ఒకటికి రెండుసార్లు మార్చాలి. మాగ్నెటో ఆరబెట్టాలి. బురద ఆరని వీధుల్లో ఈ పని చేసేది సంచి భుజాన వేసుకు తిరిగే మెకానిక్కే. పడవలు నడిపినవాళ్లనీ, పులిహోర పొట్లాలు పంచినవాళ్లనీ మెచ్చుకున్నాం. మంచిదే. పనికి పోయే బండిని బతికించినవాణ్ణి ఒక్కరమైనా తలుచుకున్నామా?

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఈ మనిషి ఏ జాబితాలో ఉన్నాడు?

కేంద్రం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం పెట్టింది. 18 చేతివృత్తులు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీ, దర్జీ, చెప్పులు కుట్టేవారు, వలలు అల్లేవారు, పడవలు కట్టేవారు అందరూ ఉన్నారు. ఉండాల్సిందే. వాళ్లకు పనిముట్ల కోసం 15 వేలు ఇస్తామన్నారు. బండి మెకానిక్ మాత్రం లేడు. రాష్ట్రంలో 2019లో ఆటో, టాక్సీ డ్రైవర్లకు వాహనమిత్ర వచ్చింది. 2020లో దర్జీలు, క్షురకులు, రజకులకు చేదోడు వచ్చింది. 2025లో కొత్త ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు 15 వేలు ఇచ్చింది. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. మెకానిక్ చోటు మాత్రం మారలేదు. అతను అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే. ఆటో నడిపేవాడికి సాయం చేసి, ఆ ఆటోని నడిచేలా చేసేవాణ్ణి మరిచిపోవడం ఏం లెక్క?

శ్రమను లెక్కలోంచి మాయం చేయడం ఈ ఊరికి కొత్త కాదు. నరసాపురం లేసు ఖండాలు దాటింది. దాన్ని అల్లిన ఆడవాళ్లను మాత్రం 'ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు' అన్నారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో వాళ్ల మీద పుస్తకం రాసి ఆ మోసాన్ని బయటపెట్టింది. కార్మికురాలు అనకపోతే కూలి అడగదు, అదీ కిటుకు. ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో వచ్చింది. మెకానిక్‌ని 'ఏదో రోడ్డు పక్క రిపేరు చేసుకునేవాడు' అనడం కూడా అదే కిటుకు. పనివాడు అని ఒప్పుకుంటే హక్కులు ఒప్పుకోవాలి మరి!

హక్కు లేదా అంటే, ఉంది. 2014 వీధి విక్రయదారుల చట్టం తీసి చదవండి. వీధిలో సరుకులు అమ్మేవారే కాదు, ప్రజలకు సేవలు అందించేవారు కూడా వీధి విక్రయదారులేనని సెక్షన్ 2 స్పష్టంగా చెబుతోంది. ఒకచోట ఉన్నా, చోటు నుంచి చోటుకి తిరిగినా సరే. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపెయ్యకూడదని సెక్షన్ 3 అంటోంది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి విక్రయదారులే ఉండాలి. ఇవి ఎవరో దయతో ఇచ్చేవి కావు, చట్టం రాసిచ్చినవి. కానీ రోడ్డు వెడల్పు అన్నప్పుడల్లా, మంత్రిగారొస్తున్నారన్నప్పుడల్లా ముందు ఎగిరేది చెట్టు కింది గోనెసంచే. పట్టణాలన్నింటా ఇదే తంతు.

ఇంకో దెబ్బ కంపెనీల వైపు నుంచి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. రోగం చెప్పాలంటే స్కానర్ కావాలి, ఆ సమాచారం కంపెనీ దగ్గర ఉంటుంది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకు అందనివ్వలేదని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్రం 'మరమ్మతు హక్కు' అంటూ కమిటీ వేసి, పోర్టల్ తెరిచింది. పోర్టల్ తెరిస్తే ఇంజన్ తెరుచుకోదు. హక్కుకి చట్టం కావాలి.

పాత బండిని ఉంచుకున్నవాడికీ వాతలు తప్పలేదు. పదిహేనేళ్లు దాటిన ద్విచక్ర వాహనం రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 300 నుంచి వెయ్యికి పెరిగింది. ఇరవయ్యేళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి రెండు వేలు. రోడ్డు మీద మోజుకొద్దీ తిరిగే పాత ఆర్‌ఎక్స్ 100కీ, చేపల పెట్టె మోసే పాత బండికీ ఒకటే రేటు!

పాత బళ్లు పొగ కక్కవా అని అడుగుతారు. కక్కుతాయి. టూ స్ట్రోక్ బండి పెట్రోలుతో పాటు ఆయిలునీ కాలుస్తుంది, ఆ మాట దాచం. కానీ రింగులు మార్చి, కార్బొరేటర్ సరిచేసి ఆ పొగ తగ్గించేదీ ఈ చేతులే. తీసిన ఆయిలు మురిక్కాలవలో పొయ్యడం తప్పే. మన కాలవే చివరికి మన చెరువు. ఆ తప్పు మెకానిక్కులు మానాలి. అయితే పొయ్యడానికి ఒక డ్రమ్ము పెట్టి, వారానికోసారి పట్టుకెళ్లే ఏర్పాటు మున్సిపాలిటీలు చెయ్యాలి. ఏర్పాటు చేయకుండా జరిమానా వెయ్యడం పాలన కాదు.

మేం అడిగేది కొండంత కాదు. వీధి విక్రయదారుల సర్వేలో తిరుగుడు మెకానిక్కుల పేర్లు రాయండి, గుర్తింపు కార్డులివ్వండి. రేవుల దగ్గర, బస్టాండ్ల దగ్గర ఒక రేకుల నీడ, ఒక నీళ్ల కుళాయి, ఒక ఆయిలు డ్రమ్ము పెట్టండి. విశ్వకర్మ జాబితాలో పందొమ్మిదో వృత్తిగా మెకానిక్‌ని చేర్చండి. ఐటీఐల్లో ఇంజెక్షన్ బళ్ల మీద సాయంత్రం తరగతులు పెట్టండి, పదో తరగతి సర్టిఫికెట్ అడక్కండి. ఆయన చేతులు చూస్తే చాలు.

మెకానిక్ సోదరులకూ ఒక మాట. ఒక్కొక్కరుగా అడిగితే మున్సిపల్ ఆఫీసు గుమస్తా కూడా తలెత్తి చూడడు. పదిమంది పది సంచులతో వెళ్లండి. చట్టం ప్రతి పట్టుకుని వెళ్లండి. మా పేరేదని అడగండి. బండి మొరాయిస్తే ఎక్కడ ఆగిందో పట్టుకోవడం మీకు తెలిసిన విద్యే. ఈ ప్రభుత్వ యంత్రం ఎక్కడ ఆగిందో కూడా అలాగే విప్పి చూడండి.

బండి లేచిందాకా కిక్కు ఆపకూడదు.