సాయిబుల బడి

చాలా కాలంగా వ్రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. ఇందులో కొంత నా మీద నేను చేసుకొంటున్న ఫిర్యాదు ఉంది. ఆలస్యానికి అదే కారణం.

మా చిత్తూరు జిల్లాలో (2022కు ముందున్న ఉమ్మడి జిల్లానే నేనింకా అలా పిలుస్తాను) బడి పెట్టినవారి మతమేదని ఎవరూ అడగరని గొప్పగా చెప్పుకొంటాం. తిరుపతిలో దేవస్థానం వారి విద్యాలయాలున్నాయి. ఆర్కాటు మిషన్ బడులలో మా ముందుతరం వారెందరో అక్షరాలు దిద్దారు. మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం వారు స్థాపించిన బీసెంట్ కళాశాల 1915 నాటిది. "మిషన్ స్కూల్లో చదివినాడు" అంటే మా వైపు అదొక యోగ్యతాపత్రం. "సాయిబుల బళ్ళో చదివినాడు" అనండి, వినేవారి ముఖం వేరుగా ఉంటుంది. రెండూ మతసంస్థలు పెట్టినవే, రెంటిలోనూ అన్ని మతాల పిల్లలూ ఉన్నవే. అయినా ఒకటి విద్యాసేవ, మరొకటి వాళ్ళ సొంత వ్యవహారం!

ఈ మాట ఇతరులను ఉద్దేశించి అనడం లేదు. తిరుపతిలో విద్వాన్ చదివి, పండిత శిక్షణ ముగించుకొని 1983లో ఉద్యోగానికి తిరుగుతున్న రోజులలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గరి ఊళ్ళో ముస్లిం పెద్దలు నడిపే ఒక ఎయిడెడ్ ఉన్నత పాఠశాల నుండి నాకు నియామకపు ఉత్తర్వు వచ్చింది. తెలుగు పండితుని పోస్టు. మా పెదనాయన ఆ కాగితం చూచి, "సాయిబుల బళ్ళో తెలుగు ఎవడికి కావాల్రా?" అన్నాడు. నేను మారు మాటాడలేదు. మాటాడకపోవడమే కాదు, లోలోపల నాకూ అదే అనిపించింది. ఆ ఉద్యోగంలో నా సహాధ్యాయి ఒకడు చేరాడు. నేను మరో రెండేళ్ళు ఖాళీగా ఉండి జిల్లా పరిషత్తు బడికి వెళ్ళాను.

పెదనాయన ప్రశ్నకు సమాధానం రాయలసీమలోనే ఉంది. మద్రాసులో ప్రభుత్వ మహమ్మదీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించారు. సంవత్సరం గమనించండి. దేశం రెండు ముక్కలైన ఏడాది అది. ముస్లిములు తమ గూటిలోకి ముడుచుకొని ఉన్నా ఎవరూ తప్పుపట్టని సమయం. అప్పుడు ఆయన తలుపు అందరికీ తెరిచే కళాశాల పెట్టారు. ఆరేళ్ళకు ఆ ఊరే ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. 1954లో తిరుపతి విశ్వవిద్యాలయం వచ్చాక ఉస్మానియాలో చదివినవారు శ్రీ వేంకటేశ్వరుని పేరున్న పట్టాలు పుచ్చుకొన్నారు. మా సీమలో దీనిని ఎవరూ వింతగా చెప్పుకోరు. అదే నాకు నచ్చిన సంగతి. మాకు ఇంకా దగ్గరగా, వాణియంబాడిలో ఇస్లామియా కళాశాల 1919 నుండి ఉంది.

దూరదేశంలోనూ ఇదే కథ. పంజాబులోని ఖాదియానులో పుట్టిన అహ్మదీయా సంస్థ ప్రచారకుడొకరు 1921లో గోల్డ్ కోస్టులో, అంటే నేటి ఘనాలో, దిగారు. అక్కడ చదువు చాలావరకు క్రైస్తవ మిషన్ల చేతిలో ఉండేది. మతం పోతుందన్న భయంతో బిడ్డలను బడికి పంపని ముస్లిములుండేవారు. 1950లో ఆ సంస్థ కుమాసి నగరంలో ఉన్నత పాఠశాల తెరిచింది. తమ పిల్లలకోసమే మొదలుపెట్టి ఉండవచ్చు. కానీ బాలబాలికలు, ముస్లిములు, క్రైస్తవులు కలిసి చదివే ప్రభుత్వ సహాయక పాఠశాలగా అది నేటికీ నడుస్తున్నది. అహ్మదీయులను ముస్లిములుగా అంగీకరించని వారున్నారు. ఆ వివాదం నా విషయం కాదు, బడి నా విషయం.

"అందరినీ చేర్చుకొంటే అది మైనారిటీ బడి ఎలా అవుతుంది?" అని అడిగే మిత్రులున్నారు. కేరళ విద్యా బిల్లుపై 1958లో సుప్రీంకోర్టు చెప్పిన అభిప్రాయంలో దీనికి జవాబుంది: ఇతరులను చేర్చుకొన్నంత మాత్రాన రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కు పోదు. నా మట్టుకు, ఆ హక్కుకు గౌరవం తెచ్చేది ఆ ఇతరులే. కేవలం సీట్ల కోసం, ఫీజుల కోసం మైనారిటీ బోర్డు తగిలించుకొనే కళాశాలలను నేను సమర్థించను. వాటిలో ఏ మతంవైనా సరే.

నన్ను బాధించేది ఇంకొకటి. ఎయిడెడ్ బడులలో ఖాళీ అయిన పోస్టులు ఏళ్ళ తరబడి నింపలేదు. 2021లో మన రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలు సిబ్బందినో ఆస్తులనో అప్పగించాలని కోరితే పెద్ద అలజడి రేగింది. తరువాత కొంత వెసులుబాటు ఇచ్చారు గానీ, అప్పటికే చాలా యాజమాన్యాలు చేతులెత్తేశాయి. ఇటువంటి బడి మూతపడితే పోయేది ఒక మతసంస్థ ఆస్తి అనుకొంటున్నాం. ఒకే బల్లమీద కూర్చునే పిల్లలు ఎవరి బడికి వారు వెళ్ళిపోతారని తోచడం లేదు.

నా సహాధ్యాయి ఆ బళ్ళోనే ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి విరమించాడు. శుక్రవారం మధ్యాహ్నం విరామం కాస్త ఎక్కువట. ఆ సమయంలో నమాజుకు వెళ్ళని పిల్లలను పోగుచేసి పద్యాలు వల్లె వేయించేవాడు. కొన్నాళ్ళకు నమాజు ముగించుకొని పరుగున వచ్చి చివరి వరుసలో కూర్చునే పిల్లలు ఎక్కువయ్యారట. అతడు అలా చెబుతుంటే నేను నవ్వాను గానీ, ఇంటికి వచ్చి ట్రంకుపెట్టె తెరిచాను. ఆ ఉత్తర్వు ఇంకా ఉంది. పైన ఉర్దూలో ఒక పంక్తి, క్రింద చక్కటి తెలుగు. చేరడానికి పదిరోజులు గడువిచ్చారు. రాలేనని ఒక కార్డు ముక్క అయినా నేను వ్రాయలేదు.