తప్పించుకున్నా హెచ్‌ఐవీకి నష్టమే!

మ్యుటేషన్ అనగానే వైరస్ బలపడిందనే అనుకుంటాం కదా! సైన్స్ అండ్ టెక్నాలజీ బిట్లలో చాలామంది పొరబడేది ఇక్కడే. హెచ్‌ఐవీనే తీసుకోండి. హెచ్‌ఎల్‌ఏ-బి57 జన్యురకం ఉన్నవారిలో టీ-కణాలు వైరస్ క్యాప్సిడ్‌లోని ఓ ముక్కను గుర్తుపట్టి, సోకిన కణాన్ని చంపేస్తాయి. గ్యాగ్ ప్రొటీన్ 242వ స్థానంలో థ్రియోనిన్ పోయి ఆస్పరజిన్ చేరితే వైరస్ వాటికి చిక్కదు. కానీ క్యాప్సిడ్ ఎలాపడితే అలా మార్చుకునే భాగం కాదు. వృద్ధి మందగిస్తుంది. అదే వైరస్ బి57 లేనివారికి సోకితే? తరచూ పాత రూపానికే వచ్చేస్తుంది! వేరేచోట ఇంకో మార్పుతో లోటు పూడ్చుకునే రకాలూ ఉన్నాయనుకోండి. 2025 జూన్‌లో హెచ్‌ఐవీ నివారణకు అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన లెనకాపవిర్, అదే ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్, గురిపెట్టేదీ ఈ క్యాప్సిడ్‌నే. దాన్ని తట్టుకునే ఎం66ఐ మ్యుటేషన్ కూడా వైరస్ వృద్ధిని బాగా దెబ్బతీస్తుంది.