అమ్మేటప్పుడు ఎంతొస్తుంది?

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. ఈ సామెత కార్లకు అతికినట్టు సరిపోతుంది. అందుకే కొత్త కారు కొనాలన్న మాట ఇంట్లో రాగానే మైలేజీ తర్వాత వచ్చే ప్రశ్న... 'మళ్లీ అమ్మితే ఎంతొస్తుంది?'

విశాఖలో ఈ ప్రశ్నకు మరికాస్త బలం ఉంది. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు ఇది. పోర్టు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం సరేసరి. బదిలీ ఉత్తర్వు చేతికొస్తే కొందరు కారును వెంట తీసుకెళ్తారు, కొందరు ఇక్కడే అమ్మేస్తారు. ఎందుకంటే వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి తిప్పితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, పన్ను కట్టాలి. ఈ బాధ తప్పించడానికే కేంద్రం 2021లో బీహెచ్ సిరీస్ నంబర్లు తెచ్చింది. రక్షణ, ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగులు కారు బుక్ చేసేముందే ఆ సదుపాయం గురించి రవాణా కార్యాలయంలో వాకబు చేసుకోవడం మంచిది.

సరే, ఏ కారుకు మంచి ధర పలుకుతుంది? ఊరూరా సర్వీస్ సెంటరు ఉండి, విడిభాగాలు చవగ్గా దొరికేదానికి. వీధి చివరి మెకానిక్కు కూడా దాని గుట్టు తెలిసుండాలి. కంపెనీ నిలబడాలి కూడా. షెవర్లే కార్ల అమ్మకాలు మన దేశంలో 2017తో ఆగిపోయాయి. ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ప్రకటించింది. అప్పటిదాకా ముచ్చటపడి కొన్నవాళ్లకు ఒక్కసారిగా బేరాలు తగ్గాయి. కారు మాత్రం నిన్నటిదే, ఇంజిన్ నిన్నటిదే!

అలాగని రీసేల్ ఒక్కటే చూసుకుని కొనేయొచ్చా? ఓ చిన్న లెక్క వేద్దాం. బాగా అమ్ముడుపోయే పేరున్న కారు 8 లక్షలు అనుకోండి. అయిదేళ్లకు నాలుగున్నర లక్షలొచ్చింది. అంటే పోయింది మూడున్నర లక్షలు. అంత పేరులేని మరో కారు 7 లక్షల 30 వేలు. అయిదేళ్లకు మూడున్నర లక్షలే పలికింది. పోయింది 3 లక్షల 80 వేలు. తేడా 30 వేలు... నెలకు 500 రూపాయలు. పైగా మొదటి కారుకు ముందే 70 వేలు ఎక్కువ పెట్టారు కదా! అది 9 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పయితే వడ్డీయే 17 వేలు దాటుతుంది. మిగిలిందెంత? నెలకు 200 పైచిలుకు!

అదే పదేళ్లు వాడితే? పాతబడేకొద్దీ పేరున్న కారుకూ, లేనిదానికీ మధ్య ధర తేడా తగ్గుతూ వస్తుంది. మొదటిది 2 లక్షలకు, రెండోది లక్షా 40 వేలకు పోయిందనుకుంటే, రెండో కారు కొన్నవాళ్లకే 10 వేలు తక్కువ నష్టం. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది కారు పేరు కాదు, ఎన్నేళ్లు వాడతామన్నది. మూడేళ్లలో బదిలీ ఖాయమనుకునేవాళ్లు రీసేల్ చూడాల్సిందే. గాజువాకలోనో, మధురవాడలోనో సొంతిల్లు కట్టుకుని స్థిరపడ్డవాళ్లకు దానితో అంత పనిలేదు.

ఇంకో సంగతి. రేపటి ధర మన చేతుల్లో పూర్తిగా ఉండదు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, దానిపై ఉన్న సెస్సూ పోయింది. కొత్తది చవకైతే పాతదానికి పాత ధర ఎవరిస్తారు? అమ్మకానికి పెట్టినవాళ్లు దిగిరాక తప్పలేదు.

మన చేతుల్లో ఉన్నవీ ఉన్నాయి. బీచ్‌రోడ్డు నుంచి భీమిలి దాకా సముద్రపు గాలే. ఆ ఉప్పుకు తుప్పు తోడు. కారు కొనడానికి వచ్చిన మెకానిక్ ముందు వంగి చూసేది అడుగుభాగాన్నే. నెలకోసారి కింద మంచినీళ్లతో కడిగించడం, గీతపడ్డచోట వెంటనే రంగు వేయించడం, సర్వీస్ బిల్లులన్నీ ఓ ఫైల్లో దాచడం... ఇవి చేసిన కారుకు, చేయని కారుకు బేరంలో తేడా తప్పక కనిపిస్తుంది. అప్పు తీరగానే ఆర్సీలో బ్యాంకు పేరు తీయించుకోవడం మరవొద్దు. లేకపోతే అమ్మే రోజున కాళ్లరిగేలా తిరగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివర్లో. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దేశంలోనే కార్లను ఢీకొట్టించి భద్రతకు నక్షత్రాలు ఇస్తున్నారు. నక్షత్రాలు తక్కువున్నా 'చేతులు మారడం తేలిక' అని ఓ కారును ఎంచుకుంటే, ఎప్పుడో వచ్చే ఆ ముప్పై వేల కోసం పిల్లల్ని రోజూ అందులో కూర్చోబెడుతున్నట్టే. కారును రేపు కొనబోయే ఆ ముక్కూమొహం తెలియని మనిషి ఒక్కరోజు బేరమాడతాడు. మీ ఇంటిల్లిపాదీ మాత్రం అయిదేళ్లో పదేళ్లో అందులోనే తిరగాలి. ఎవరి కోసం కొంటున్నారో ముందు తేల్చుకోండి!