తాళమందరిది, తాళపుచెవి మనది



తిరువూరు నుండి మా పాఠకురాలొకరు ఈ నెల మాకొక జాబు వ్రాసిరి. ఆమె కుమార్తె ఇంజినీరింగు చదువుచున్నది. పొలము పాసుపుస్తకము, బంగారము కుదువపెట్టిన రసీదులు, పిల్లల సర్టిఫికెట్లు మొదలగువాని నకళ్లన్నియు ఇంటి కంప్యూటరులో నున్నవి. పరులు వానిని చదువజాలకుండ మార్చుటకై ఆ బాలిక తానే యొక చిన్న ప్రోగ్రాము వ్రాసినది. ఖమ్మములోని మేనత్తయు, విజయవాడలోని పిన్నియు అది తమకును కావలయునని యడుగుచున్నారట. "నలుగురికి పంచినచో తాళము గుట్టు బయటపడదా? పంచవచ్చునా, పంచరాదా?" అని తల్లి సందేహము. ఈ సందేహము ఒక్క యింటిది కాదు గనుక సమాధానమును అందరికిని వినిపించుచున్నాము.

తిరువూరు సరిహద్దు పట్టణము. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో నుండి, అప్పటి నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. కొద్ది దూరముననే తెలంగాణ సరిహద్దు. పుట్టినిల్లొక రాష్ట్రమునను, మెట్టినిల్లు వేరొక రాష్ట్రమునను గల కుటుంబములకు కాగితము లొకచోట నుండును, వానితో పని మరియొకచోట పడును. కావున నకళ్లు ఫోనులలోను, పెన్‌డ్రైవులలోను, జిరాక్సు దుకాణముల కంప్యూటరులలోను తిరుగుచుండును. అసలు దస్తావేజును బీరువాలో నుంచి తాళము వేసికొను మనమే, దాని నకలును నడివీధిలో వదలివేయుచున్నాము. ఇది గమనించిన యా బాలిక యత్నము మెచ్చదగినది.

ఇట్టి ప్రోగ్రాములకు రంగుల బొమ్మలు, మీటలు నుండవు. నల్లని తెరపై ప్రోగ్రాము పేరును, ఫైలు పేరును ఒక పంక్తిలో వ్రాసి ఎంటరు నొక్కిన చాలును. అందుచేతనే వీనిని కమాండు లైను ప్రోగ్రాములందురు. పాస్‌వర్డు అడిగి తీసికొని, ఫైలును అర్థము కాని యక్షరముల కుప్పగా మార్చును. ఈ మార్పునకే ఎన్‌క్రిప్షన్ అని పేరు. మరల ఆ పాస్‌వర్డే యిచ్చిన, ఫైలు యథాతథముగ వెలువడును.

గూఢలేఖనము మనకు క్రొత్త గాదు. వాత్స్యాయనుడు స్త్రీలు నేర్వవలెనని చెప్పిన అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పమను గూఢలేఖన విద్యయు నొకటి. బాల్యమున మన మాడుకొన్న క-భాషయు నట్టిదే. ప్రతి యక్షరమునకు ముందొక 'క' చేర్చి మాటలాడిన, తెలియనివారు తెల్లబోవుదురు. కాని కిటుకు తెలిసిన మేనత్త వచ్చి ప్రక్కన కూర్చున్నచో గుట్టంతయు రట్టగును. ఏలయన, అందు రహస్యమంతయు పద్ధతిలోనే యున్నది.

మంచి తాళము అట్టిది కాదు. అదెట్లు చేయుదురో తాళములు చేయువానికి తెలియును. అదే రకము తాళము వేయి యిండ్లలో నుండును. అయినను మన చెవి లేక మన పెట్టె తెరువరాదు. 1883వ సంవత్సరమున ఆగస్టు కెర్కాఫ్స్ అను పండితుడు సైనికుల గూఢలిపిని గూర్చి వ్రాయుచు ఈ ధర్మమునే చెప్పెను: పద్ధతి శత్రువు చేత చిక్కినను నష్టము రాగూడదు, చెవి యొక్కటే రహస్యముగ నుండవలెను. నేడు లోకమంతటను వాడుచున్న ఎ.ఇ.ఎస్. అను పద్ధతి యీ ధర్మము ననుసరించియే పుట్టినది. 1997లో అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థ లోకములోని పండితులందరిని ఆహ్వానింపగా, 15 పద్ధతులు పరీక్షకు నిలిచెను. అన్నిటిని బహిరంగముగ ప్రకటించి, ఛేదింపుడని నిపుణులనే కోరిరి. చివరకు ఇరువురు బెల్జియము పండితుల పద్ధతిని ఎన్నుకొని, 2001లో ప్రమాణముగ స్థిరపరచిరి.

కావున తల్లి ప్రశ్నకు మా సమాధానమిది: పంచినంతనే ఊడిపోవు తాళము తాళము కాదు, క-భాష. నిజమైన తాళమును నిర్భయముగ పంచవచ్చును.

అయిన ఆ బాలిక వ్రాసినది ఏ జాతిది? పాస్‌వర్డు అక్షరములను వరుసగా, మరల మరల, ఫైలులోని అక్షరములతో కలుపుచు పోవునని జాబులో నున్నది. ఇది చూచుటకు గట్టిదే గాని, యొక లోపమున్నది. పి.డి.ఎఫ్. ఫైలులన్నియు ఒకే అయిదు గుర్తులతో ప్రారంభమగును. ఈ సంగతి దొంగకును తెలియును. మొదటి అయిదు స్థానములలో నుండవలసినదేదియో తెలిసినప్పుడు, అచ్చట కనబడుచున్న దానితో పోల్చి చూచిన, పాస్‌వర్డులోని మొదటి అయిదు అక్షరములు ఊడి చేతికి వచ్చును. తక్కినవి ఊహించుట కష్టము గాదు. అమ్మాయి నిరాశ పడనక్కరలేదు. పెద్ద పండితులు స్వయముగ కల్పించిన పద్ధతులును ఇట్లే వీగిపోయినవి. అందుచేతనే ఈ శాస్త్రములో సొంత గూఢలిపి కల్పింపవద్దనునది ప్రథమపాఠము.

ప్రోగ్రాము వ్రాయుట మానవద్దు. దాని లోపలి తాళమును మాత్రము మార్చవలెను. జర్మనీ దేశస్థుడు వెర్నర్ కోఖ్ 1997లో ప్రారంభించి, 1999లో తొలి పూర్తి కూర్పుగా వెలువరించిన గ్నూ పి.జి. యెల్లరకు ఉచితము. దాని నాధారము చేసికొని, ఇంటివారికి సులభమగు తెలుగు ప్రశ్నలతో చిన్న ప్రోగ్రాము వ్రాసిన చాలును. అందు ఈ క్రింది సంగతులు చూచుకొనవలెను.

మొదటిది, పాస్‌వర్డును ఆజ్ఞ పంక్తిలోనే వ్రాయరాదు. వ్రాసిన ఆజ్ఞలు కంప్యూటరు చిట్టాలో నిలిచిపోవును. ప్రోగ్రాము వేరుగ అడిగి, తెరపై కనబడకుండ తీసికొనవలెను. రెండవది, పాస్‌వర్డును ప్రోగ్రాములోనే వ్రాసి పంచుట, తాళమునకు చెవి కట్టి అమ్ముట వంటిది. మూడవది ఉప్పు! నిపుణులు నిజముగ దీనిని ఉప్పనియే పిలుచుదురు. పాస్‌వర్డుకు ప్రతిసారి క్రొత్తగా కొన్ని యాదృచ్ఛికాక్షరములు చేర్చుటయే యిది. ఒకే పాస్‌వర్డు రెండిండ్లవారు పెట్టుకొన్నను, ఉప్పు వేరగుటచే చెవులు వేరగును. మంచి సాధనములు ఈ పనిని తామే చేయును. నాలుగవది, పాస్‌వర్డు బిడ్డ పేరో పుట్టిన తేదియో కారాదు. నాలుగంకెల పిన్ను 10,000 విధములకు మించదు. అదే 7,776 మాటల పట్టిక పెట్టుకొని, వైకుంఠపాళి పాచికను ఒక్కొక్క మాటకు అయిదుసార్లు వేసి ఆరు మాటలేరుకొన్నచో, విధముల సంఖ్య 24 అంకెలకు పెరుగును. మనసుకు తోచిన మాటలు గాక, పాచిక చెప్పిన మాటలే కావలెను.

ఇక పంచుటను గూర్చి. ప్రోగ్రామును మూలపాఠముతో సహా పంచవలెను. చదువ నేర్చినవారు చదివి తప్పులు చెప్పుదురు. పదేండ్ల తరువాతను ఫైలు తెరచుటకు వీలుండును. ఈ స్వేచ్ఛ ఊరక రాలేదు. 1991లో అమెరికాలో ఫిల్ జిమ్మర్‌మన్ పి.జి.పి. అను ప్రోగ్రామును ఉచితముగ పంచగా, అది దేశము దాటినదని 1993 నుండి 1996 వరకు ప్రభుత్వము విచారణ జరిపి, తుదకు విడిచిపెట్టెను. నాటి చట్టము గూఢలిపి ప్రోగ్రాములను ఆయుధములతో సమానముగ నెంచినది. పుస్తకములకు మాత్రము ఆ కట్టుబాటు లేదు. అందుచే 1995లో ఆయన ప్రోగ్రామునంతయు పుస్తకముగ అచ్చువేయించెను. అదే యేట ఆడమ్ బ్యాక్ అను బ్రిటిషు యువకుడు కొద్ది పంక్తులలో నిమిడ్చిన యొక గూఢలిపి ప్రోగ్రామును జనులు చొక్కాలపై అచ్చువేసికొని తిరిగిరి!

చివరగా మిక్కిలి ముఖ్యమైన సంగతి. బీరువా తాళపుచెవి పోయిన మారుచెవి చేసి యిచ్చువాడు దొరకును. ఇచ్చట అట్టివాడు లేడు. పాస్‌వర్డు మరచిన, వ్రాసిన బాలికయైనను ఫైలును తెరువజాలదు. ఇంటి కాగితములన్నిటికి తాళము వేసి, పాస్‌వర్డు యజమాని యొక్కడే యెరిగియుండి, ఆయనకు రానిది వచ్చినచో, ఇల్లాలు తన పొలము నకలు కొరకు తన యింటిలోనే చేతులు చాచి నిలువవలసి వచ్చును. కావున పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, కవరులో నుంచి, బ్యాంకు లాకరులోనో పసుపు కుంకుమల పెట్టెలోనో భద్రపరచుడు. తాళము వేసిన ఫైలు నకలు నొకదానిని పుట్టింట నుంచుడు. ఒకసారి తెరచి చూచుకొనిన పిమ్మటనే అసలు ఫైలును తీసివేయుడు. తాళము వేసినంతమాత్రమున అసలు ఫైలు పోదు. చెరిపినను, నేర్పరులు కొన్నాళ్లవరకు దానిని పైకి తీయగలరు. మీ సర్టిఫికెట్లు, మీ స్త్రీధనపు బిల్లులు, మీ బ్యాంకు కాగితములు మాత్రము మీ సొంత పాస్‌వర్డుతోనే యుంచుకొనుడు. ఇది భర్తపై అవిశ్వాసము గాదు, ఇంటిపై శ్రద్ధ.

తాళపుచెవులగుత్తి కొంగున దోపుకొనుట మన యిండ్లలో ఇల్లాలి యధికారమునకు గుర్తు. ఈ క్రొత్త పెట్టెకును చెవి ఆ కొంగుననే యుండవలెను. తిరువూరు సోదరీ! లోపలి తాళము మార్చినంతనే అమ్మాయి ప్రోగ్రామును మేనత్తకును పిన్నికిని పంపుడు. చెవులు మాత్రము ఎవరివి వారే చేయించుకొందురు గాక.