ఫొటోలో లేని అక్షరం బోర్డు మీద వద్దు

బంగారపేట, కోలారు, శ్రీనివాసపురం, చింతామణి, చిక్కబళ్ళాపురం. ఈ దారిలో తిరిగిన చిన్నరైలుకు నమూనా కట్టాలని మనవాళ్ళు అనుకోవడం బాగుంది. కానీ డార్జిలింగు ఇంజను బొమ్మ కొని, స్టేషను బోర్డు మీద తెలుగులో పేరు రాసి, “ఇదే మన రైలు” అంటే మేం ఒప్పుకోము.

డార్జిలింగుది రెండడుగుల పట్టా, 610 మిల్లీమీటర్లు. మనది రెండున్నర అడుగులు, 762. దాన్ని 87వ వంతుకు తగ్గిస్తే దాదాపు 9 మిల్లీమీటర్లు వస్తుంది. ఎన్ గేజ్ బొమ్మరైలు పట్టా వెడల్పు అదే. ఆ చక్రాలూ మోటారూ తీసుకుని, పైన డబ్బాలు అట్టతో మనమే కట్టుకోవచ్చు. ఆ కొలతలో కిలోమీటరు దారికి పదకొండున్నర మీటర్ల చోటు కావాలి, కాబట్టి ఒక్క స్టేషనుతో సరిపెట్టుకుందాం.

ఇక బోర్డు. “మనం తెలుగోళ్ళమే కదా, రాస్తే ఏం పోతుంది?” అంటున్నారు. పోతుంది. రేపు పిల్లలు దాన్నే సాక్ష్యం అనుకుంటారు. పాత ఫొటోలో తెలుగు కనబడితే రాద్దాం, లేకుంటే వద్దు. బళ్ళో కన్నడమే చదివిన మాకు బోర్డు మీద కన్నడం ఉంటే ఏమీ చిన్నతనం కాదు. మన తెలుగు డబ్బాల్లోపల, బెంచీల మీద ఉండింది.

1913లో బంగారపేట–కోలారు మధ్య మొదలైన దారి, 2013కి చిక్కబళ్ళాపురం దాకా బ్రాడ్‌గేజ్ అయిపోయింది. చిన్నరైలు ఎక్కినవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లో ఉన్నారు. టికెట్టు ఎంత, కూత ఎట్లుండేది, చింతపండు మూట ఎక్కడ పెట్టేవాళ్ళు, అన్నీ అడిగి ఫోనులో రికార్డు చేయండి. బొమ్మ స్టేషను కింద చిన్న స్పీకరు పెట్టి ఆ మాటలే వినిపిద్దాం. జిగురు తర్వాత కొనొచ్చు, ముందు అవ్వ దగ్గరికి పోండి.